కుకీ విరిస్తే లోపలి మిఠాయిలు రాలాలి, నావి మాత్రం కరిగిపోయాయి

రంగులపెట్టె
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. వచ్చే వారం కాక ఆపై ఆదివారం మా పాప పుట్టినరోజు. ఏడేళ్లు నిండుతాయి. 24 మంది పిల్లలు వస్తున్నారు. పైన రంగురంగుల ఐసింగ్ ఉండి, విరిస్తే లోపలి నుంచి చిన్న చిన్న మిఠాయిలు జలజలా రాలే కుకీలుంటాయి కదా, పిన్యాటా కుకీలంటారు, అవి చేసిపెడతానని పాపకు మాటిచ్చాను.

ఇవాళ మొదటిసారి చేసి చూశాను. రెండు పలుచని పిండి బిళ్ళల మధ్య గట్టి రంగు మిఠాయిలు పెట్టి, అంచులు నొక్కి మూసి, ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు ఉంచాను. తీసేసరికి మిఠాయిలన్నీ పాకమైపోయాయి. రెండు కుకీలు పక్కల పగిలి, పాకం ట్రే మీదికి కారింది. చల్లారాక రాయిలా గట్టిపడింది, కొరికితే పళ్ళకు అంటుకుపోతోంది. విరిస్తే ఒక్కటీ రాలలేదు. పాప పక్కనే నిలబడి చూస్తూ "లోపల ఏమీ లేవు కదమ్మా" అంది. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

వేడి ఎక్కువైందా, పద్ధతే తప్పా? దయచేసి చెప్పండి.

వెన్నపూస
శనివారం, రాత్రి 10:15

పద్ధతే మార్చాలండి, వేడి తగ్గించినా లాభం లేదు. గట్టి మిఠాయి అంటే పంచదార పాకాన్ని 146 నుంచి 154 డిగ్రీల దాకా మరిగించి ఆరనిచ్చిందే. ఓవెన్‌లో పెడితే అది మళ్ళీ పాకం వైపే వెళుతుంది. మెత్తబడటం ఇంకా ముందే మొదలవుతుంది. చాక్లెట్ అయితే ఒంటి వేడికే కరుగుతుంది. కుకీలను మామూలుగా 170 పైనే కాలుస్తారు. అందుకే ఈ కుకీల్లో మిఠాయిని ఓవెన్‌లోకి పంపరు.

మూడు బిళ్ళలు విడివిడిగా కాలుస్తారు. అడుగుది, పైది నిండుగా ఉంటాయి. మధ్య బిళ్ళకు నడుమ గుండ్రంగా కోసి గాజులా చేస్తారు. పూర్తిగా చల్లారాక అడుగు బిళ్ళ మీద ఐసింగ్ రాసి మధ్యది అతికించి, ఆ గుంతలో మిఠాయిలు పోసి, పైది మూతలా పెడతారు. చిన్న డబ్బా అన్నమాట.

నేను వాడే కొలత: వెన్న 225 గ్రాములు, పొడి చేసిన పంచదార 150 గ్రాములు, గుడ్డు ఒకటి, మైదా 400 గ్రాములు, ఉప్పు అర చెంచా, వెనిల్లా ఒక చెంచా. బేకింగ్ పౌడర్ అసలు వేయకండి. అది వేస్తే బిళ్ళలు ఉబ్బి ఆకారం మారుతుంది, మూడూ ఒకదాని మీద ఒకటి సమంగా కూర్చోవు. వెన్న, పంచదార కలిసేదాకా గిలక్కొడితే చాలు, నురగ వచ్చేదాకా కొడితే గాలి చేరి అదీ ఉబ్బుతుంది. ముద్దను రెండు బేకింగ్ పేపర్ల మధ్య పెట్టి 5 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, ఆ పలకనే అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాత కోయండి. ముద్దగానే చల్లబరిస్తే ఒత్తేటప్పుడు చేతులు పడిపోతాయి.

175 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 నిమిషాలు. అంచులు రంగు తిరగడం మొదలవగానే తీసేయాలి.

ఇంకో ముఖ్యమైన మాట. కాలేటప్పుడు మధ్య బిళ్ళ గుంత కాస్త మూసుకుపోతుంది. ఓవెన్‌లోంచి తీసిన వెంటనే, వేడి మీదే, గుంత కోసిన కటర్‌తోనే ఇంకోసారి నొక్కండి. ఒక్క నిమిషం ఆగినా విరిగిపోతుంది.

గాజుకిటికీ
శనివారం, రాత్రి 11:02

మీకు పొరపాటున వచ్చింది నేను కావాలని చేస్తుంటాను. బిళ్ళ నడుమ చిన్న కిటికీ కోసి, బిళ్ళ దాదాపు కాలాక చివరి నాలుగైదు నిమిషాలకు ఆ ఖాళీలో నలగ్గొట్టిన గట్టి మిఠాయి పోసి మళ్ళీ ఓవెన్‌లో పెడితే, కరిగి పరుచుకుంటుంది. ట్రే మీదే కదపకుండా చల్లారనిస్తే రంగు గాజు పలకలా నిలుస్తుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఎంత బాగుంటుందో. పై బిళ్ళకు అలా కిటికీ పెడితే లోపలి మిఠాయిలు కనబడతాయి కూడా.

రంగులపెట్టె
ఆదివారం, ఉదయం 7:30

వెన్నపూస గారూ, ఎంత వివరంగా చెప్పారండీ, చాలా థాంక్స్. ఇప్పుడు అర్థమైంది. గాజుకిటికీ గారూ, లోపలివి ముందే కనబడితే పిల్లలకు ఆశ్చర్యం ఉండదేమో. కానీ పాప ఒక్కదానికి అలాంటిది చేయాలని ఉంది.

24 కుకీలంటే ముద్ద ఎంత కలపాలి?

తూకంరాయి
ఆదివారం, ఉదయం 8:10

లెక్క చెబుతాను. 7.5 సెంటీమీటర్ల బిళ్ళ 5 మిల్లీమీటర్ల మందాన సుమారు 26 గ్రాములు తూగుతుంది. మూడు బిళ్ళలు కలిపి, గుంత తీసేస్తే ఒక్కో కుకీకి 70 గ్రాములు. 24కి 1,700 గ్రాములు. వెన్నపూస గారి కొలతతో ఒకసారికి 825 గ్రాముల దాకా ముద్ద వస్తుంది. అంటే రెండు రెట్లు కలిపినా కొంచెం తక్కువే.

నా సలహా అడిగితే 6 సెంటీమీటర్లకు తగ్గించండి. ఏడేళ్ల పిల్లలకు మూడు పొరల 70 గ్రాముల కుకీ, పైన ఐసింగ్, లోపల మిఠాయి, ఇదంతా చాలా ఎక్కువ. సగం తిని పారేస్తారు. 6 సెంటీమీటర్లదైతే ఒక్కోటి 46 గ్రాములు, మొత్తం 1,100 గ్రాములు. విరిగేవి కొన్ని ఉంటాయి కాబట్టి ఒకటిన్నర రెట్లు కలిపితే సరిపోతుంది. గుంతలు తీసిన ముక్కలు మళ్ళీ ఒత్తుకోవచ్చు. గుంత 3 సెంటీమీటర్లు ఉంటే, అతికించడానికి చుట్టూ ఒకటిన్నర సెంటీమీటర్ల అంచు మిగులుతుంది.

మిఠాయి కొనే ముందు దాని మందం కొలవండి. మధ్య బిళ్ళ 5 మిల్లీమీటర్లే కదా. లోపలిది అంతకంటే ఎత్తుగా ఉంటే మూత కూర్చోదు. తప్పదంటే మధ్య బిళ్ళలు రెండు వేయండి.

నిదానం
ఆదివారం, ఉదయం 11:45

అమ్మా, ఒక పెద్దదానిగా చెబుతున్నాను, తప్పుగా అనుకోకు. వచ్చే పిల్లలతోపాటు వాళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వస్తారు. నాలుగేళ్ల లోపు పిల్లలకు గుండ్రటి గట్టి మిఠాయి గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. పైగా ఈ కుకీల్లో లోపల ఏముందో తెలియకుండానే కొరుకుతారు. చిన్నవాళ్ళకిచ్చే కుకీల్లో నోట్లో ఇట్టే కరిగే సన్నటి స్ప్రింకిల్స్ (రంగు చక్కెర పలుకులు) మాత్రమే నింపు. ఐసింగ్ రంగు వేరే పెట్టి గుర్తు ఉంచుకో.

వేరుశనగ, బాదం ఉన్న మిఠాయిలు కూడా వద్దు. ఏ పిల్లవాడికి ఏది పడదో వాళ్ళ అమ్మానాన్నలను ముందే అడిగి తెలుసుకో. ఆశ్చర్యం పిల్లలకు చాలు, పెద్దవాళ్ళకు ముందే చెప్పాలి.

రంగులపెట్టె
ఆదివారం, మధ్యాహ్నం 12:20

తప్పుగా ఎందుకు అనుకుంటానమ్మా. నాకు అసలు ఆ ఆలోచనే రాలేదు. మూడేళ్లవాళ్ళు ఇద్దరు వస్తున్నారు. వాళ్ళకు పసుపు రంగువి వేరుగా చేస్తాను. ఈ రాత్రికే అందరికీ మెసేజ్ పెడతాను.

పిండిబొమ్మ
ఆదివారం, రాత్రి 9:05

ఐసింగ్ సంగతి నేను చెబుతాను, నాకు ఇష్టమైన పని అదే. రాయల్ ఐసింగ్ అయితేనే రాయిలా ఆరుతుంది, అతుకు కూడా అదే పట్టి ఉంచుతుంది. వెన్నతో చేసే క్రీమ్ దీనికి పనికిరాదు. జల్లించిన ఐసింగ్ షుగర్ 450 గ్రాములు, మెరింగ్ పౌడర్ (ఐసింగ్ గట్టిపడటానికి వేసే పొడి) మూడు పెద్ద చెంచాలు, గోరువెచ్చని నీళ్ళు 75 నుంచి 90 మిల్లీలీటర్లు. పచ్చి తెల్లసొనతోనూ చేస్తారు కానీ అందులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఉంటుంది. పిల్లలు తినేది కాబట్టి పౌడరే వాడండి.

దీన్ని రెండుగా చేసుకోవాలి. గట్టిది గీతలకు, అతుకులకు. పలుచనిది లోపల నింపడానికి. పలుచనిది సరిపోయిందో లేదో ఇలా చూడండి: గిన్నెలో చాకుతో ఒక గీత గీస్తే అది 15 సెకన్లలో పూడుకుపోవాలి. 5 సెకన్లకే పూడితే నీళ్ళు ఎక్కువయ్యాయి, అంచు దాటి కారుతుంది. అరనిమిషం పడితే గట్టిగా ఉంది, పైన గుంటలు గుంటలుగా కనబడుతుంది. నీళ్ళు చుక్కలు చుక్కలుగానే కలపాలి. పొరపాటున ఎక్కువైతే ఇంకొంచెం ఐసింగ్ షుగర్ వేస్తే సర్దుకుంటుంది.

రంగుకు జెల్ కలర్లే వాడండి. నీళ్ళలాంటి రంగులు పోస్తే ఐసింగ్ పలుచనవుతుంది. టూత్‌పిక్ కొనతో కొంచెం కొంచెంగా కలపాలి. ఎరుపు, నలుపు అప్పటికప్పుడు ముదరవు. కావలసిన దానికంటే ఒక మెట్టు తక్కువ కలిపి, గిన్నె మూసి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి అదే ముదురుతుంది. తొందరపడి రంగు మీద రంగు పోస్తే చేదెక్కుతుంది, పిల్లల నాలుకలూ పళ్ళూ రంగులవుతాయి.

పై బిళ్ళలను ముందుగా విడిగా అలంకరించి రాత్రంతా ఆరనివ్వండి. ఆ తర్వాతే అతికించాలి.

వెన్నపూస
ఆదివారం, రాత్రి 9:50

పిండిబొమ్మ గారూ, ఇక్కడ మీతో నేను ఏకీభవించలేను. నేను ముందు మూడూ అతికించి, ఆరాక పైన అలంకరిస్తాను. ఆరిన ఐసింగ్ ఉన్న బిళ్ళను పట్టుకుని నొక్కితే పగుళ్ళు వస్తాయి.

పిండిబొమ్మ
ఆదివారం, రాత్రి 10:20

మధ్యలో నొక్కితే పగులుతుందండీ, నిజమే. అంచులు పట్టుకుని మెల్లగా కూర్చోబెడితే పగలదు. మీ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. అలంకరించేటప్పుడు ఏదైనా చెడితే మిఠాయిలతో సహా కుకీ మొత్తం పోతుంది. విడిగా చేస్తే ఒక్క పై బిళ్ళే పోతుంది. కొత్తగా చేసేవాళ్ళకు అదే మేలు.

వెన్నపూస
ఆదివారం, రాత్రి 10:31

అది సరైన మాటే. కొత్తవాళ్ళ సంగతి నేను ఆలోచించలేదు. రంగులపెట్టె గారూ, మీరు పిండిబొమ్మ గారు చెప్పినట్టే చేయండి.

గుడ్డులేకుండా
సోమవారం, ఉదయం 6:50

గుడ్డు తినని పిల్లలు వస్తే ఇలా చేయండి. ముద్దలో గుడ్డుకు బదులు మూడు పెద్ద చెంచాల పాలు చాలు. కుకీ కాస్త గుల్లగా వస్తుంది, మూడు పొరలకు ఇబ్బందేమీ లేదు. మెరింగ్ పౌడర్ ఎండబెట్టిన గుడ్డు తెల్లసొనతోనే చేస్తారని చాలామందికి తెలియదు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను. ఐసింగ్‌కు కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్ళు వాడొచ్చు. ఉప్పు వేయకుండా ఉడికించాలి. 450 గ్రాముల ఐసింగ్ షుగర్‌కు 80 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. శనగ వాసన ఆరాక తెలియదు. కానీ ఆరడానికి ఇంకాస్త ఎక్కువ సేపు పడుతుంది.

రంగులపెట్టె
శుక్రవారం, రాత్రి 8:15

మళ్ళీ వచ్చాను, సగం సంతోషంతో, సగం దిగులుతో.

మంగళవారం ఆరు కుకీలు చేశాను. బిళ్ళలు చక్కగా వచ్చాయి, గుంత వేడి మీద మళ్ళీ కోశాను, సరిగ్గా కుదిరింది. లోపల జెల్లీ మిఠాయిలు సన్నగా కోసి వేశాను, మెత్తగా ఉంటాయి కదా అని. బుధవారం విరిస్తే బాగానే ఉంది. ఇవాళ చూస్తే కుకీలు మెత్తబడిపోయాయి, జెల్లీలేమో గట్టిపడ్డాయి. విరవబోతే విరగకుండా వంగుతోంది. పైగా తెల్ల ఐసింగ్ మీద వేసిన ఎర్ర చుక్కలు చుట్టూ పాకి గులాబీ మరకలయ్యాయి. ఐసింగ్‌లో అక్కడక్కడా నూనె మచ్చల్లాంటివి కూడా కనబడుతున్నాయి.

వెన్నపూస
శుక్రవారం, రాత్రి 8:55

దిగులుపడకండి, మూడింటికీ కారణాలు తెలుసు.

జెల్లీ మిఠాయిలో ఐదో వంతుకు దగ్గరగా నీరే ఉంటుంది. బాగా కాలిన కుకీలో నీరు చాలా తక్కువ. రెండింటినీ ఒకే గదిలో బంధిస్తే ఆ తేమ ఇటు నుంచి అటు పాకుతుంది. అందుకే జెల్లీ ఎండింది, కుకీ నానింది. లోపలికి ఎప్పుడూ పొడిగా ఉండేవే వేయాలి. గట్టి చక్కెర పెంకు ఉన్న చిన్న చాక్లెట్ గుళికలు, స్ప్రింకిల్స్ బాగుంటాయి. పెంకు ఉంటే చాక్లెట్ చేతికి అంటదు, విరిగినప్పుడు చప్పుడూ వస్తుంది.

ఇంకో అనుమానం. బిళ్ళలు గోరువెచ్చగా ఉండగానే మూశారా? లోపలి ఆవిరి కూడా తేమే. కనీసం రెండు గంటలు చల్లారనివ్వాలి.

పిండిబొమ్మ
శుక్రవారం, రాత్రి 9:30

ఎరుపు పాకడానికి కారణం అడుగు తెలుపు పూర్తిగా ఆరకముందే చుక్కలు పెట్టడం, లేదా ఎరుపులో నీళ్ళు ఎక్కువ కావడం. ముదురు రంగు లేత రంగు మీద వేయాలంటే అడుగుది 8 గంటలైనా ఆరాలి. వేసిన చుక్కలు కూడా తొందరగా ఆరేలా ఫ్యాన్ కింద ఉంచండి. ఫ్యాన్ గాలికి ఐసింగ్ మెరుపు కూడా నిలుస్తుంది, చిన్న చుక్కలు మధ్యలో కుంగిపోవడం తగ్గుతుంది. ఆరబెట్టడానికి ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. బయటికి తీయగానే చెమ్మ పట్టి రంగులన్నీ కలుస్తాయి.

నూనె మచ్చలు కుకీలోని వెన్న పైకి వచ్చినందువల్ల. కాల్చిన బిళ్ళలను పేపర్ టవల్ మీద ఒక రాత్రి ఉంచి, మర్నాడు ఐసింగ్ వేస్తే చాలావరకు తగ్గుతుంది. ఐసింగ్ మరీ పలుచగా ఉన్నా ఇలాగే అవుతుంది.

తెలుపు పచ్చగా కనబడితే టూత్‌పిక్ కొనతో ఊదా రంగు ఒక్క చుక్క కలపండి. పసుపు ఛాయ పోతుంది. నేను అన్నిటికీ ఇదే చేస్తాను.

నిదానం
శనివారం, ఉదయం 6:30

రంగు డబ్బా మీద ఏం రాసుందో చదువు తల్లీ. ఎరిత్రోసిన్ అనే ఎర్ర రంగుకు అమెరికాలో 2025 జనవరిలో ఆహారంలో వాడే అనుమతి తీసేశారు, కంపెనీలకు 2027 జనవరి దాకా గడువిచ్చారు. తెలుపు కోసం వేసే టైటానియం డయాక్సైడ్‌ను యూరోపియన్ యూనియన్ 2022లో ఆహారం నుంచి తొలగించింది. భయపెట్టాలని కాదు. పిల్లలకు పెట్టేటప్పుడు లేత రంగులే అందంగా ఉంటాయి, ఎక్కువా అవసరం లేదు.

గాజుకిటికీ
శనివారం, ఉదయం 9:15

లేత రంగులకు సహజమైనవీ సరిపోతాయి. పసుపు చిటికెడు, గులాబీకి బీట్‌రూట్ పొడి, నీలానికి స్పిరులినా అనే నాచు నుంచి తీసే నీలం. వీటిని ముద్దలో కలపకండి, ఐసింగ్‌లోనే కలపండి. బీట్‌రూట్ ఓవెన్ వేడికి గోధుమ రంగుకు తిరుగుతుంది. పసుపు కలిపిన ముద్దలో సోడా ఉప్పు పడితే ఎర్రబడుతుంది. స్పిరులినా నీలం నిమ్మరసం తగిలినా, ఎండ తగిలినా వెలిసిపోతుంది.

తూకంరాయి
శనివారం, ఉదయం 10:00

ఇప్పటి నుంచి రోజుల లెక్క వేసుకోండి, టెన్షన్ ఉండదు. సోమవారం ముద్ద కలిపి, ఒత్తి, పలకలుగానే ఫ్రీజర్‌లో పెట్టండి. బుధవారం కాల్చండి, ఆ రాత్రి పేపర్ టవల్ మీద ఉంచండి. గురువారం పై బిళ్ళలకు అడుగు రంగు, శుక్రవారం వాటి మీద చుక్కలూ గీతలూ. శనివారం ఉదయం మిఠాయిలు పోసి అతికించండి. సాయంత్రానికి అతుకు గట్టిపడుతుంది. శనివారం కంటే ముందు మాత్రం కుకీలను మూయవద్దు.

అంచులు సమంగా లేని బిళ్ళలను, పూర్తిగా చల్లారాక సన్న తురుము పీటతో మెల్లగా గీకితే మూడూ ఒకే వరుసలో కూర్చుంటాయి.

రంగులపెట్టె
సోమవారం, ఉదయం 11:20

నిన్న పుట్టినరోజు అయింది. రాత్రి అలసిపోయి రాయలేకపోయాను.

మీరు చెప్పినట్టే రోజుకో పని చేశాను. 6 సెంటీమీటర్లవి 30 బిళ్ళల చొప్పున కాల్చాను. మధ్య బిళ్ళలు మూడు, పై బిళ్ళలు రెండు విరిగాయి, మిగిలినవన్నీ నిలిచాయి. లేత గులాబీ, లేత నీలం, మీగడ తెలుపు. చిన్నవాళ్ళకు పసుపు, అందులో స్ప్రింకిల్స్ మాత్రమే. ఒక పిల్లవాడికి వేరుశనగ పడదని వాళ్ళ అమ్మ చెప్పింది. చాక్లెట్ గుళికల ప్యాకెట్ మీద వేరుశనగ ఆనవాళ్ళు ఉండొచ్చని రాసి ఉంది. అందుకని అందరికీ ఆ గుళికలు మానేసి వేరే రకం తెచ్చాను. నిదానం అమ్మా, మీరు చెప్పకపోతే ఆ ప్యాకెట్ చదివేదాన్నే కాదు.

లోపల ఏదో ఉందని పిల్లలకు నేను చెప్పలేదు. ఒక బాబు కుకీ చేతిలోకి తీసుకోగానే గలగలమంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. అది చూసి అందరూ ఊపడం మొదలుపెట్టారు. గది అంతా గిలక్కాయల చప్పుడే. తర్వాత ఒకేసారి విరిచారు. రెండు మాత్రం విరగలేదు, అతుకుకు ఐసింగ్ ఎక్కువ రాశాను. అవి వెన్న చాకుతో తెరవాల్సి వచ్చింది.

పాపకు గాజు కిటికీ కుకీ చేశాను. అది మాత్రం తను విరవలేదు. కిటికీలోంచి దీపం చూస్తూ కూర్చుంది. ఇప్పుడు కూడా డబ్బాలోనే ఉంది. ఎన్నాళ్ళు ఉంటుంది?

గాజుకిటికీ
సోమవారం, మధ్యాహ్నం 12:05

చదువుతుంటే నాకు కూడా అక్కడే ఉన్నట్టుంది. గాలి చొరని డబ్బాలో వారం ఉంటుంది కానీ కిటికీ గాలిలోని తేమ పీల్చి జిగురెక్కుతుంది. మరో నాలుగు రోజుల్లో తినేయమనండి.

వెన్నపూస
సోమవారం, మధ్యాహ్నం 1:30

అతుకుకు చుట్టూ సన్నటి గీత ఒక్కటి చాలండి, మొత్తం పూయక్కర్లేదు. ఈసారి అన్నీ విరుగుతాయి.

కొత్తచేయి
సోమవారం, సాయంత్రం 5:45

రెండు వారాలుగా చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. మా తమ్ముడి కోసం చేద్దామని. నా దగ్గర పెద్ద కటర్ ఒక్కటే ఉంది, గుంతకు సరిపోయే చిన్నది లేదు. ఏం చేయాలక్కా?

రంగులపెట్టె
సోమవారం, సాయంత్రం 6:10

నా దగ్గరా లేదు తల్లీ. చిన్న సీసా మూత వాడాను, 3 సెంటీమీటర్లది. బాగా కడిగి, అంచును మైదాలో ముంచి నొక్కు. వేడి మీద రెండోసారి కోసేటప్పుడు గుడ్డతో పట్టుకో, ప్లాస్టిక్ మూత వద్దు, రేకుదే తీసుకో.